డాక్టరు చీటీలో ‘అల్జీమర్స్’ అని ఉంటే వీలునామా చెల్లదా?

వృద్ధుల ఆస్తి, సంతకం, సాక్ష్యం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నల్లో ఐదింటికి ఈసారి జవాబులిస్తున్నాం. పేర్లు వేయవద్దని కోరారు కాబట్టి ఊళ్లు మాత్రమే ఇస్తున్నాం.

ప్రశ్న: మా నాన్నగారికి 74 ఏళ్లు. అల్జీమర్స్ మొదటి దశ అని ఆర్నెల్ల కిందట చెప్పారు. ఇల్లు నాకూ చెల్లెలికీ, పొలం అన్నయ్యకూ రాయాలని ఆయన కోరిక. ‘ఆ జబ్బు ఉందని కాగితం మీద పడ్డాక వీలునామా రాసినా చెల్లదు’ అంటున్నాడు అన్నయ్య. నిజమేనా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిజం కాదు. 1925 నాటి భారత వారసత్వ చట్టం 59వ సెక్షన్ జబ్బు పేరు అడగదు. వీలునామా రాసే సమయంలో ఆ మనిషికి తానేం చేస్తున్నాడో తెలుసా, లేదా అన్నదే అడుగుతుంది. మామూలుగా మతిస్థిమితం లేని మనిషి కూడా తెలివిలో ఉన్న వేళ రాస్తే ఆ వీలునామా చెల్లుతుందని అదే సెక్షన్ చెబుతోంది. ఒంట్లో శక్తి లేకపోవడం అడ్డంకి కాదు. (ముస్లింల వీలునామాలకు వారి మత చట్టం నియమాలు వేరుగా ఉన్నాయి.)

ఈ సామర్థ్యాన్ని తూచడానికి కోర్టులు ఇప్పటికీ 1870 నాటి ఇంగ్లండ్ తీర్పు ‘బ్యాంక్స్ వర్సెస్ గుడ్‌ఫెలో’ వైపు చూస్తాయి. రాస్తున్నది తన తదనంతరం అమలయ్యే కాగితమని తెలియాలి. తనకు సుమారుగా ఏమేం ఆస్తులున్నాయో తెలియాలి. వాటిమీద ఎవరెవరికి ఆశ, హక్కు ఉండొచ్చో గుర్తుండాలి. ‘కొడుకు అన్నంలో విషం కలుపుతున్నాడు’ లాంటి భ్రమ ఏదీ ఆ పంపకాన్ని నడిపించకూడదు. నిన్న ఏం తిన్నారో మరిచిపోయిన మనిషికి కూడా ఈ నాలుగూ స్పష్టంగా ఉండొచ్చు. తారీఖు ఠక్కున చెప్పగలిగిన మనిషికి ఇందులో ఒకటి లేకపోనూవచ్చు.

ఇక్కడే చాలా కుటుంబాలు పొరబడతాయి. ఎంఎంఎస్‌ఈ అనే 30 మార్కుల జ్ఞాపకశక్తి పరీక్ష కాగితం ఒకటి తెచ్చి, దాన్నే సర్టిఫికెట్ అనుకుంటారు. 1975లో వచ్చిన ఆ పరీక్ష జబ్బును పసిగట్టడానికి పనికొస్తుంది, వీలునామా సామర్థ్యాన్ని కొలవదు. పైగా అందులో వంద నుంచి ఏడేసి తీసేసుకుంటూ పోవడానికి 5 మార్కులు, చదవడానికి 1, వాక్యం రాయడానికి 1, బొమ్మ చూసి గీయడానికి 1. అంటే 8 మార్కులు బడికి వెళ్లినవాళ్లకే సులువు. చదువుకోని రైతుకు 20 వచ్చినా మతి పోయిందని కాదు. చదువురాని వాళ్లకోసం మార్చిన పరీక్షలున్నాయి, తెలుగులో అడిగేవీ ఉన్నాయి. న్యూరాలజిస్టును గానీ సైకియాట్రిస్టును గానీ వాటితో చూడమని అడగండి. అంతకన్నా ముఖ్యంగా, మార్కులతో ఆపకుండా ‘వీలునామా రాయడానికి సామర్థ్యం ఉందా’ అన్న ప్రశ్నకే జవాబు రాసివ్వమనండి.

రాయించే పద్ధతి ఇలా ఉంటే తర్వాత గొడవ తక్కువ. ముందు ఆరోగ్యం సరిచూడండి. మూత్రంలో ఇన్‌ఫెక్షన్, సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, ఈమధ్యే జరిగిన ఆపరేషన్, వీటిలో ఏది ఉన్నా వృద్ధుల్లో నాలుగు రోజులు తికమక కమ్ముకోవచ్చు. అది తగ్గేదాకా ఆగాలి. చాలామందికి సాయంత్రానికి అయోమయం పెరుగుతుంది కాబట్టి ఉదయం వేళ ఎంచుకోండి. కళ్లజోడు, వినికిడి మిషన్ పెట్టించండి. వినపడక తలూపడాన్ని అంగీకారం అనుకున్న సందర్భాలు తక్కువేమీ కాదు.

డాక్టరూ లాయరూ ఆయనతో విడిగా మాట్లాడాలి. మీరు ముగ్గురూ గదిలో ఉండకూడదు. ‘ఇల్లు అమ్మాయిలకేగా, పొలం అబ్బాయికేగా’ అని అడిగితే ఆ మాటకు విలువ లేదు. మతిమరుపు ఉన్నవాళ్లు ఎదుటివాళ్లకు కావలసిన జవాబుకే తలూపడం పరిశోధనల్లో బాగా తెలిసిన సంగతి. ‘మీకు ఏమేం ఉన్నాయి?’, ‘మీ పిల్లలెవరు, ఎవరికేం ఇద్దామనుకుంటున్నారు?’, ‘అలా ఎందుకు?’, ‘రేపు మీ మనసు మారితే ఏం చేయొచ్చు?’ అని అడిగి, ఆయన అన్న మాటలు అన్నట్టుగానే రాయాలి. వారం పది రోజులు ఆగి మళ్లీ అవే ప్రశ్నలు వేస్తే, రెండుసార్లూ అదే పంపకం, అదే కారణం చెబితే, దానికి మించిన సాక్ష్యం లేదు. డాక్టరు చూసిన రోజుకీ సంతకం రోజుకీ మధ్య నెలలు గడవనివ్వకండి. రెండూ ఒకే రోజు అయితే మరీ మంచిది.

సాక్షి సంతకాలు కనీసం ఇద్దరివి ఉండాలి. వారిలో లబ్ధి పొందేవాళ్లు గానీ వాళ్ల భార్యాభర్తలు గానీ వద్దు. రేపు కోర్టులో వీలునామాను నిరూపించాలంటే, సాక్షులు బతికి ఉన్నంతవరకు కనీసం ఒక్కరైనా వచ్చి చెప్పాలి. కాబట్టి నాన్నగారి ఈడు స్నేహితుల్ని కాకుండా వయసులో చిన్నవాళ్లను ఎంచుకోండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గానీ చేయించండి. ఆయన కదల్లేకపోతే, కారణం చూపి దరఖాస్తు పెడితే సబ్‌ రిజిస్ట్రార్ ఇంటికి వచ్చే వీలు రిజిస్ట్రేషన్ చట్టం 31వ సెక్షన్‌లో ఉంది. అయితే రిజిస్ట్రేషన్ జరిగినంత మాత్రాన మానసిక సామర్థ్యం రుజువైనట్టు కాదు.

వీడియో తీస్తే గది అంతా కనపడేలా, మధ్యలో ఆపకుండా తీయండి. బట్టీ పట్టించి చెప్పించిన వీడియో మీకే ఎదురు తిరుగుతుంది.

ఒక మాట సూటిగా చెప్పాలి. ఇల్లు వచ్చేది మీకు. లాయర్ని మాట్లాడింది మీరు, కారులో తీసుకెళ్లింది మీరు, ఫీజు కట్టింది మీరు అయితే, 1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ‘అనుమానాస్పద పరిస్థితి’ అదే. ఆ అనుమానాన్ని తొలగించే బరువు వీలునామా తెచ్చినవాళ్ల మీదే పడుతుంది. ఈ పనులు నాన్నగారి స్నేహితుడో, ఆస్తిలో వాటా లేని బంధువో చూసుకుంటే మంచిది.

ప్రశ్న: నాకు 70 ఏళ్లు. నాలుగేళ్ల కిందట ఇల్లు మా అబ్బాయి పేర గిఫ్ట్ సెటిల్‌మెంట్ చేశాను. దస్తావేజులో ‘ప్రేమాభిమానాలతో’ అని మాత్రమే ఉంది. ఇప్పుడు నన్ను వెనక గదిలో ఉంచారు, మందులు కొనడం మానేశారు. రద్దు చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మీరొక్కరే రిజిస్ట్రార్ ఆఫీసుకు వెళ్లి రద్దు దస్తావేజు రాయించుకుంటే పని జరగదు. 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కింద ఆర్డీవో దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టండి. ఆ చట్టం 23వ సెక్షన్ ప్రకారం, కనీస అవసరాలు చూసుకోవాలన్న షరతు మీద ఆస్తి ఇచ్చి, తీసుకున్నవాళ్లు చూడకపోతే, ఆ బదిలీ మోసంతోనో బలవంతంతోనో అనుచిత ప్రభావంతోనో జరిగినట్టే భావించి రద్దు చేయవచ్చు.

చిక్కంతా ఆ ‘షరతు’ దగ్గరే. 2022లో సుదేశ్ ఛికారా కేసులో షరతు ఉందని చూపించకపోతే 23వ సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు చెప్పింది. 2025 జనవరిలో ఊర్మిళా దీక్షిత్ కేసులో అదే కోర్టు, ఇది వృద్ధుల మేలు కోసం చేసిన చట్టం కాబట్టి ఉదారంగా చదవాలంటూ తల్లి ఇచ్చిన గిఫ్ట్‌ను రద్దు చేసింది. ఇల్లు ఖాళీ చేయించి స్వాధీనం ఇప్పించే అధికారం కూడా ట్రిబ్యునల్‌కు ఉందని చెప్పింది. ఆ కేసులో తల్లిని చివరిదాకా చూసుకుంటానని కొడుకు విడిగా రాసిచ్చిన కాగితం ఉంది. కాబట్టి మీరూ వెతకండి. ఆ రోజుల్లో అబ్బాయి రాసిన ఉత్తరం, వాట్సాప్ మెసేజ్, పెద్దమనుషుల ముందు రాసుకున్న ఒప్పందం, ‘అమ్మను మేమే చూసుకుంటాం’ అన్న మాట విన్నవాళ్లు, ఏదైనా సరే.

దరఖాస్తుతో దస్తావేజు సర్టిఫైడ్ కాపీ, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), వయసు ధ్రువపత్రం, మందుల చీటీలు, మీరే కొనుక్కున్న బిల్లులు జతచేయండి. ‘సరిగ్గా చూడటం లేదు’ అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు. ఏ నెల నుంచి బీపీ మాత్రలు ఆపారు, వంటగదికి ఎప్పటినుంచి తాళం వేస్తున్నారు, డాక్టరు దగ్గరికి చివరిసారి ఎప్పుడు తీసుకెళ్లారు, ఇవి తేదీలతో రాయండి. అదే దరఖాస్తులో పోషణ ఖర్చు కూడా అడగండి. చట్టంలో ఉన్న పరిమితి నెలకు 10,000 రూపాయలు. నోటీసు అందిన 90 రోజుల్లో పోషణ సంగతి తేల్చాలి, తప్పనిసరైతే మరో 30 రోజులు. సెక్షన్ 23 కింద కుదరకపోతే, అనుచిత ప్రభావం మీద సివిల్ కోర్టుకు వెళ్లే దారి ఉంటుంది. ఒప్పందాల చట్టం 16వ సెక్షన్ వయసు, జబ్బు, మనోవేదన వల్ల మనసు బలహీనపడినవాళ్ల దగ్గర రాయించుకోవడాన్ని పేరుపెట్టి చెప్పింది. మహిళ కాబట్టి ఆదాయంతో పని లేకుండా మీకు ఉచిత న్యాయసహాయం హక్కుగా ఉంది. నంబరు 15100. వయోవృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

వృద్ధుల మీద వేధింపుల గురించి జరిగిన చాలా అధ్యయనాల్లో ఒకటే కనపడుతుంది. ఫిర్యాదు దాకా వచ్చేది కొద్దిమందే. పరువు, మనవల్ని చూడనివ్వరన్న భయం, ‘నా పెంపకమే తప్పేమో’ అన్న బాధ నోరు నొక్కేస్తాయి. మీరు ఉత్తరం రాశారంటే ఆ గడప దాటినట్టే. ట్రిబ్యునల్‌కు వెళ్తే కొడుకును జైలుకు పంపినట్టు కాదు, ముందు రాజీకే ప్రయత్నిస్తారు.

ఇంకా రాయని పెద్దలకు ఒక సూచన. పిల్లలకు ఇప్పుడే ఇచ్చేయాలనిపిస్తే దస్తావేజులో ఇలా ఒక వాక్యం వేయించండి: ‘నా జీవితాంతం ఈ ఇంట్లో నివసించే, అనుభవించే హక్కు నాకే ఉంటుంది. నా తిండి, బట్ట, వైద్యం, సంరక్షణ చూడాలన్న షరతు మీద ఈ ఆస్తి ఇస్తున్నాను. చూడని పక్షంలో ఈ సెటిల్‌మెంట్ రద్దు చేయించుకునే హక్కు నాకుంటుంది.’ దస్తావేజు లేఖరులు దీన్ని వద్దంటారు, బ్యాంకు లోను రాదంటారు. అయినా వేయించండి. అసలు వీలునామా అయితే బతికున్నంతకాలం ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. మా ఓటు దానికే.

ప్రశ్న: నేను డల్లాస్‌లో ఉంటాను. ఖమ్మంలో ఉన్న మా నాన్నకు డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ముదిరింది, మమ్మల్నే గుర్తుపట్టడం లేదు. వైద్యం ఖర్చుకు స్థలం అమ్మాలి. 2016లో నా పేర జీపీఏ (తన తరఫున ఆస్తి వ్యవహారాలు నడిపే అధికార పత్రం) ఇచ్చారు. వేలిముద్ర వేయించి కొత్తది తీసుకుందామా?
– ఒక పాఠకుడు

జవాబు: వద్దు. రెండూ పనికిరావు. ఒప్పందాల చట్టం 201వ సెక్షన్ ప్రకారం, అధికారం ఇచ్చిన మనిషికి మతిస్థిమితం పోతే ఆ అధికారమూ పోతుంది. అమెరికాలో డ్యూరబుల్ పవర్ ఆఫ్ అటార్నీ ఉంటుంది, మతి పోయినా నిలుస్తుంది. మన చట్టంలో అలాంటిది లేదు, ప్రవాసులు ఎక్కువగా దెబ్బతినేది ఈ తేడా తెలియకే. ఇక అర్థం చేసుకోలేని మనిషి వేలిముద్ర వేసిన కొత్త జీపీఏ మొదటినుంచీ చెల్లదు. దాని మీద కొన్నవాళ్లు రేపు మీమీద కేసు వేస్తారు.

పాత మానసిక ఆరోగ్య చట్టంలో ఆస్తికి సంరక్షకుణ్ని నియమించే పద్ధతి ఉండేది. 2017 చట్టంలో దాన్ని తీసేశారు. అందుకే కుటుంబాలు రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రిట్ పిటిషన్ వేస్తున్నాయి. కోమాలో ఉన్న రోగుల విషయంలో కేరళ హైకోర్టు 2019లో శోభా గోపాలకృష్ణన్ కేసులో మార్గదర్శకాలు ఇచ్చింది. మీరూ అలాంటి కాగితాలే సిద్ధం చేసుకోండి: మెడికల్ బోర్డు నివేదిక, ఆస్తులన్నిటి జాబితా, వారసులందరి అంగీకార పత్రాలు, ఎంత డబ్బు దేనికి కావాలో వైద్యం అంచనా. అమ్మాక లెక్కలు కోర్టుకు చూపాల్సి ఉంటుంది. విదేశంలో ఉన్న కొడుకు కన్నా దగ్గరుండి చూసుకుంటున్న మనిషి సంరక్షకులుగా ఉంటే కోర్టును ఒప్పించడం సులువు.

ఈలోపు పింఛను సంగతి. చేయి వణికి సంతకం కుదరని ఖాతాదారు వేలిముద్రతో డబ్బు తీసుకోవచ్చు, బ్యాంకు అధికారి సహా ఇద్దరు సాక్షులుండాలని రిజర్వ్ బ్యాంకు నియమం. 70 దాటినవాళ్లకు ఇంటి దగ్గర సేవ కూడా అడగవచ్చు. కానీ ఆ సౌకర్యం ఒంట్లో శక్తి లేనివాళ్లకు. ఏం చేస్తున్నారో తెలియని మనిషి వేలు పట్టుకుని అద్దించడానికి కాదు.

ప్రశ్న: మా నాయనమ్మకు 78. వీధిలో గొలుసు దొంగతనం చూసింది. పోలీసులు స్టేషన్‌కు రమ్మంటున్నారు. ‘ముసలావిడ సాక్ష్యం కోర్టులో నిలవదు’ అంటున్నారు చుట్టాలు.
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: ముందు స్టేషన్ సంగతి. సాక్షిగా విచారించాలంటే మహిళలను, 60 దాటిన పురుషులను నివాసం దగ్గరే విచారించాలి. భారతీయ నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ అది. ఆవిడ తనంతట తాను వెళ్తానంటే వెళ్లవచ్చు. ఇక సాక్ష్యానికి వయసు అడ్డు కాదు. వృద్ధాప్యం వల్ల ప్రశ్న అర్థం కాని, పొంతన ఉన్న జవాబు చెప్పలేని పరిస్థితి ఉందని కోర్టు అనుకుంటేనే సాక్షిగా పనికిరారు.

పెద్దవాళ్ల జ్ఞాపకంలో ఎక్కువగా జారిపోయేది, ఒక విషయం తమకు ఎక్కడినుంచి తెలిసిందన్నది. కళ్లతో చూసిందీ, టీవీలో చూసిందీ, పక్కింటావిడ చెప్పిందీ కలిసిపోతాయి. అబద్ధం ఆడుతున్నట్టు కాదు, వాళ్లకు అది నిజంగానే జ్ఞాపకం. అందుకని ఆ దొంగతనం సీసీ కెమెరా క్లిప్పు ఉంటే అది, వాట్సాప్‌లో తిరుగుతున్న అనుమానితుడి ఫొటో ఆవిడకు చూపించకండి. ఒకసారి చూపిస్తే, తర్వాత గుర్తింపు పరేడ్‌లో (అనుమానితుణ్ని మరికొందరితో కలిపి వరుసలో నిలబెట్టి సాక్షిని గుర్తుపట్టమనే పద్ధతి) ఆవిడ గుర్తుపట్టేది వీధిలో చూసిన మొహాన్నా, ఫోన్‌లో చూసిన మొహాన్నా అన్నది ఎవరూ తేల్చలేరు. డిఫెన్స్ లాయరు మొదట అడిగేదీ అదే.

ఈరోజే కూర్చోబెట్టి ఆవిడ మాటల్లోనే రాసుకోండి, తేదీ వేయండి. రోనాల్డ్ ఫిషర్, ఎడ్వర్డ్ గీసెల్‌మన్ 1980లలో తయారుచేసిన ‘కాగ్నిటివ్ ఇంటర్వ్యూ’ పద్ధతి వృద్ధులకు కూడా బాగా పనిచేస్తుంది. ఆ సమయంలో తాను ఎక్కడ నిలబడింది, ఎండగా ఉందా, ఏం చప్పుడు వినపడింది మనసులోకి తెచ్చుకోమనాలి. చిన్నదనిపించినా ప్రతిదీ చెప్పమనాలి. మధ్యలో అడ్డుపడకూడదు. ‘ఎర్ర చొక్కానా?’ అని అందించకూడదు. మౌనంగా ఉంటే ఆగాలి, వాళ్లకు సమయం ఎక్కువ పడుతుంది, అంతే. పరేడ్‌కు వెళ్లేముందు ‘ఆ మనిషి ఈ వరుసలో ఉండకపోవచ్చు కూడా, తెలియకపోతే తెలియదనవచ్చు’ అని ఆవిడకు చెప్పించాలి. వృద్ధ సాక్షుల్లో పొరపాటు ఎక్కువ జరిగేది అసలు మనిషి వరుసలో లేనప్పుడు ఎవరో ఒకర్ని చూపించడం వల్లే.

ప్రశ్న: రిటైరైన టీచర్ మా అమ్మ, 68 ఏళ్లు. ‘డిజిటల్ అరెస్ట్’ అని భయపెట్టి ఆమె చేత డబ్బు పంపించుకున్నారు. మతి తగ్గుతోందనడానికి ఇది గుర్తా? ఆమె పేరునుంచి ఖాతా తీసేయాలా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: ఒక్క మోసంతో అలా తేల్చకండి. ఆ మోసగాళ్లు యూనిఫాం, ఎవరికీ చెప్పొద్దన్న ఆంక్ష, గంటలకొద్దీ వీడియో కాల్, నిద్ర లేకపోవడం, ఇవన్నీ కలిపి వాడతారు. యువకులు, ఇంజినీర్లు కూడా పడుతున్నారు. డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు.

అయినా వయసు పాత్ర కొంత ఉంది. 2012లో కాలిఫోర్నియా పరిశోధకులు మొహాల ఫొటోలు చూపిస్తే, నమ్మకూడదనిపించే మొహాలను వృద్ధులు చిన్నవాళ్లకన్నా ఎక్కువగా నమ్మారు. హెచ్చరిక పంపే మెదడు భాగం వాళ్లలో తక్కువగా స్పందించింది. 2020లో అమెరికాలో వచ్చిన మరో అధ్యయనం, డిమెన్షియా అని డాక్టరు తేల్చడానికి ఆరేళ్ల ముందే కొందరిలో బిల్లులు కట్టడం మరచిపోవడం మొదలైందని చూపింది. కాబట్టి గడిచిన రెండు మూడేళ్ల పాస్‌బుక్ తీసి ఆమెతో కలిసి చూడండి. కరెంటు బిల్లు రెండుసార్లు కట్టడం, ఎల్‌ఐసీ ప్రీమియం తప్పడం, ఇంతకుముందు ఎన్నడూ లేని విరాళాలు, చిల్లర లెక్కలో తడబాటు కనిపిస్తే డాక్టరుకు చూపించండి. బీ12, థైరాయిడ్ పరీక్షలు కూడా చేయించాలి. డిప్రెషన్ కూడా మతిమరుపులా కనపడుతుంది, అది నయమయ్యేది.

ఖాతా తీసేయకండి. డబ్బు మీద హక్కు ఆమెది. పైగా తిడితే రెండోసారి మోసపోయినప్పుడు మీకు చెప్పరు, మోసగాళ్లకు కావలసింది అదే. ఆమె ఒప్పుకుంటే పెద్ద మొత్తాన్ని యూపీఐ, నెట్ బ్యాంకింగ్ లేని ఖాతాకు మార్చి, రోజువారీ ఖాతాలో ఇంటి ఖర్చుకు సరిపడా ఉంచండి. యూపీఐ రోజు పరిమితి తగ్గించండి. ఖాతా మెసేజ్‌లు ఆమెకూ మీకూ ఇద్దరికీ వచ్చేలా పెట్టించండి.

ఇక పోయిన డబ్బు. 1930కి ఫోన్ చేశారా? మొదటి గంటల్లో చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే ఆపే అవకాశం ఉంటుంది. ఆలస్యమైనా ఫిర్యాదు పెట్టండి. డబ్బు పంపిన తేదీ, సమయం, మొత్తం, యూటీఆర్ నంబరు (ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే నంబరు), పంపిన ఖాతా, ఫోన్ చేసిన నంబర్లు, కాల్ స్క్రీన్‌షాట్లు దగ్గర పెట్టుకుని కూర్చోండి. ఆ చాట్‌ను మాత్రం డిలీట్ చేయకండి. చాలామంది సిగ్గుతో మొదట చేసే పని అదే.